చీటీ మీద మా అక్క పేరు

ఆ ఎలుకను నాకు చూపించింది మా అక్క దురేతి. దాన్ని చూసిన మనుషులు లోకంలో చాలా తక్కువ. ఎక్కడో మ్యూజియం సొరుగుల్లో ఎండిన చర్మాలు కొన్ని ఉన్నాయని మా ప్రొఫెసర్ మెకురియా గారు చెప్పేవారు. ప్రాణంతో ఉన్నదాన్ని చూసి, అది ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో తెలుసుకున్న మనిషి నాకు తెలిసినంతలో మా అక్క ఒక్కతే. అక్క బడి గడప తొక్కలేదు. మా నాన్న ఒగాటోకి మేమిద్దరం కూతుళ్ళం. ఆవుల వెనక ఒకరు తిరగాలి, కాబట్టి ఒకరే బడికి వెళ్ళగలరు. చిన్నదాన్నని నన్ను పంపారు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను.

అక్క సంగతి ముందు చెప్పాలి. మా కొండల్లో మొగుడు పోయిన ఆడమనిషి మరిది ఇంటికి వెళ్తుంది, అతని భార్యగా. మా బావ పోయేసరికి అక్క మరిది గెనేమోకి అప్పటికే ఇద్దరు పెళ్ళాలు. గెనేమో చెడ్డవాడు కాదు. గుర్రం బాగా ఎక్కుతాడు, నలుగురిలో కూర్చుంటే నవ్విస్తాడు. అయినా అక్క వెళ్ళనంది. పెద్దలు మూడు రోజులు కూర్చుని మాట్లాడారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. తన ఆవుల్ని తనే మేపుకుంటూ, ఎవరి వాకిట్లోనూ చోటు అడగకుండా బతకగలిగినంత కాలం దురేతి ఒంటరిగా ఉండొచ్చు. చోటు అడగాల్సి వచ్చిన రోజు గెనేమో ఇంట్లోకి వెళ్ళాలి.

అక్క తొమ్మిది ఆవుల్ని తోలుకుని గాసురే వాలు ఎక్కింది. అక్కడ ఎవరి పొలమూ లేదు. మనిషికి రెండింతల ఎత్తున సాతో పొదలు, వాటి కొమ్మలకు ముసలివాళ్ళ గడ్డంలా వేలాడే బూడిదరంగు నాచు, మధ్యలో గడ్డి. వన కార్యాలయం వాళ్ళు అంతకుముందే ఆ వాలు నడుమ తెల్లసున్నం పూసిన రాళ్ళు పాతారు. రాళ్ళకు పైన పశువు మేయకూడదు. అక్క గుడిసె రాళ్ళకు పైనే ఉంది. కాపలావాళ్ళకు ఆ సంగతి తెలుసు. వచ్చి పాలు తాగి, "ఆవుల్ని కాస్త కిందకి తోలుకో" అని చెప్పి పోయేవాళ్ళు. ఆరేళ్ళు అలా గడిచాయి. ఆ వాలు మీద ఉండనిచ్చినంత కాలమే మా అక్క తన ఇంటికి తను యజమానురాలు. అది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నేను నలభై ఇనప బోన్లు, ఒక స్పిరిట్ డబ్బా, చిన్న త్రాసు, కొలబద్ద గుర్రం మీద వేసుకుని వెళ్ళిన రోజు అక్క గుడిసె ముందు పాలు చిలుకుతోంది. పక్కన అబ్షిరో అవ్వ కూర్చుని ఉంది. అవ్వది రాళ్ళకు కిందనున్న ఊరు. రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని ఎక్కొచ్చి అక్కతో కబుర్లు చెప్పి దిగిపోతుంది.

"ఇన్ని పెట్టెలెందుకే? ఎలకలకి పెళ్ళి చేస్తన్నావా?" అంది అక్క.

"పట్టడానికక్కా. ఒక రకం ఎలుక కావాలి. అది దొరికితేనే నా చదువు పూర్తవుద్ది."

అబ్షిరో అవ్వ బోను ఒకటి తీసుకుని తలుపు తట్టి చూసింది. "పదహారేళ్ళు చదివి ఎలకలు పడతావా? మా పిల్లి ఒక్కరోజు కూడా బడికి పోలేదు తల్లీ."

"నీ పిల్లి కొలతలు రాసుద్దా అవ్వా?"

"రాయదు. తినేసుద్ది. దానికా ఓపిక లేదు."

మూడు వారాలు ఆ వాలంతా బోన్లు పెట్టాను. వేయించిన బార్లీపిండిలో వెన్న కలిపి ఎర వేశాను. పొద్దున్నే మంచు పేరుకున్న గడ్డిలో నడిచి ఒక్కొక్కటే తెరిచి చూసేదాన్ని. మామూలు గడ్డి ఎలుకలు, చుంచులు దొరికాయి. నేను వెతికేది దొరకలేదు. ప్రొఫెసర్ గారు ఫోన్ చేసి మెల్లగా, "వేరే విషయం చూసుకుందామా లోమీ?" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం అక్క నా పుస్తకంలో బొమ్మ చూసింది. అప్పటిదాకా నేనే చూపించలేదు. చదువురాని మనిషికి చూపించాలన్న ఆలోచనే రాలేదు నాకు.

"ఇదా!" అని పెద్దగా నవ్వింది. "నడుం మీద నల్లచార ఉండేది. దీనికోసమా నువ్వు మూడు వారాలు నేల నాకుతా తిరిగింది?"

"నీకు తెలుసా?"

"పిచ్చిదానా, ఇది కిందకి దిగదే. పైన వెతుక్కోవాలి."

ఆ తరవాత అయిదు సాయంత్రాలు అక్క వెనక తిరిగాను. ఆవులు ఇంటిదారి పట్టే వేళకు ఆ ఎలుక బయటికి వస్తుంది. మొదట పొదలో ఒక్క కొమ్మ కదులుతుంది, గాలి లేకుండానే. అప్పుడు కదలకుండా నిలబడాలి. ముఖం ముందు కనిపిస్తుంది, తరవాత వీపు. వీపు మీద తల నుంచి తోక మొదలు దాకా బొగ్గుతో గీసినట్టు ఒక చార. తోక ఒంటికంటే పొడవు. కొమ్మ మారేటప్పుడు ఆ తోకను కొమ్మకు చుట్టి, ముందు కాళ్ళ వేళ్ళతో అవతలి రెమ్మను తడిమి, బరువు ఆగుతుందని తెలిశాకే తోక వదులుతుంది. పడిపోవడం అక్క ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదట. బెరడు కింద పురుగుల్ని తవ్వుకు తింటుంది. వాన పడ్డ మర్నాడు నాచు తడిని నాకుతుంది. అందుకే వాగు దగ్గర అది ఎవరికీ కనపడదు. ఆవు వచ్చి అదే పొదకు ఒళ్ళు రుద్దుకున్నా పారిపోదు, కొమ్మతో పాటే ఊగుతుంది. మనిషి వాసన తగిలితే మాత్రం రాయిలా బిగుసుకుపోతుంది. అక్క వాసనకు బిగుసుకోదు.

"నీ దగ్గర ఆవు కంపు కొడుతుంది కాబట్టి," అన్నాను.

"నీ దగ్గర సబ్బు కంపు. దానికి అదే పడదు."

ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఏ పుస్తకంలోనూ లేనివి. ఆరో రోజు అక్క నన్నొక పొద దగ్గరికి తీసుకెళ్ళి కొమ్మ పక్కకు జరిపింది. నా గడ్డం ఎత్తున, పిడికిలంత గుండ్రటి గూడు. బయట గడ్డి అల్లి ఉంది, లోపల నాచు. పిట్ట కట్టినట్టుంది కానీ ద్వారం పక్కనుంది. లోపల మూడు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లి మమ్మల్ని చూసి మొదట బిగుసుకుంది, కాసేపటికి కదిలింది. కదిలితే పిల్లలు కూడా దానితోనే కదిలాయి, చన్నులు పట్టుకుని వేలాడుతూ.

అక్క గుసగుసగా అంది: "మగదేమో తెలీదు గానీ, ఈ తల్లిని రెండేళ్ళ నుంచి ఎరుగుదును. చెవి చిరిగుంది చూడు. దీన్ని ఎవరికీ చూపించలా నేను. అబ్షిరో అవ్వక్కూడా. నువ్వు చూసుకో, రాసుకో. ఈ పొదలో బోను పెట్టొద్దు లోమీ."

"పెట్టనక్కా."

పెట్టలేదు. ఆ పొదలో పెట్టలేదు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, వేరే పొదల్లో, కొమ్మలకు కట్టి ఆరు బోన్లు పెట్టాను. మగదో, ఇంకొకటో దొరుకుతుంది కదా అనుకున్నాను. చూశాననీ రాశాననీ చెబితే ఎవరూ నమ్మరు. మా పనిలో చేతిలో జంతువు ఉండాలి. అక్కకిచ్చిన మాట దాటలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర కూడా బాగానే పట్టింది.

పొద్దున్నే విపరీతమైన మంచు. రెండో బోనులోనే ఉంది. గట్టిగా, చల్లగా, కాళ్ళు ఒంట్లోకి ముడుచుకుని, చెక్కముక్కలా ఉంది. ఎడమ చెవి చిరిగి ఉంది. అది తల్లే. అక్క మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా అనిపించింది, దాచను. నా చేత్తో చంపాల్సిన పని తప్పింది కదా అనిపించింది. తూచాను. తోక కొలిచాను. మాకు నేర్పిన వరుసలో అన్నీ చేసి, చివరకు స్పిరిట్ సీసాలో వేసి మూత బిగించాను.

గుడిసెకు వెళ్ళి అక్కకు చెప్పాను. అక్క పొయ్యి ఊదుతోంది, తల ఎత్తింది. కోపం వస్తుందనుకున్నాను. కోప్పడలేదు. ఒక్కటే అడిగింది.

"ఒళ్ళో పెట్టుకున్నావా?"

"ఏంటక్కా?"

"వెచ్చబెట్టావా అంటున్నా. రొమ్ము దగ్గర పెట్టుకుని కాసేపు కూర్చున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మంచు బాగా పడ్డ రోజు అది అట్టాగే పడుంటది లోమీ. చచ్చినట్టే ఉంటది. ఊపిరి కూడా కనపడదు. ఎండ తగిల్తే లేస్తది. నేను మొదటిసారి దాన్ని చూసిందే అట్టాగ. దారి పక్కన కొమ్మ మీద పడుంది. పాపం చచ్చిందనుకుని పక్కన పెట్టబోయి చేతిలో పట్టుకున్నా. ఆవు పాలు పితికేంత సేపట్లో నా చేతిలోనే కాళ్ళు తన్నుకుంది."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చదివినదానివి. తెలుసనుకున్నా."

నేను సీసా తెరవడానికి పరుగెత్తాను. తెరిచి లాభం లేదని తెలిసి కూడా పరుగెత్తాను. అక్క నా వెనక రాలేదు, ఆ పొద దగ్గరికి వెళ్ళింది. మూడు పిల్లల్నీ గూడుతో సహా తెచ్చి, జాకెట్టులో రొమ్ముల మధ్య పెట్టుకుంది. దూది ఒత్తి చేసి, ఆవు పాలలో నీళ్ళు కలిపి, చుక్క చుక్క పట్టింది. రెండు రోజులు పడుకోలేదు. ఆవుల్ని నేను మేపాను. మూడో రోజు మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. అక్కకు బిడ్డలు లేరు. పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. ఆ మూడింటినీ ఎక్కడ పెట్టిందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

అక్క ఎప్పటిలాగే ఉంది. అన్నం పెట్టింది, పక్క వేసింది, "చలిగా ఉంది, ఇంకో దుప్పటి కప్పుకో" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఏమీ అనకపోయేసరికి నేనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. ఆ ఆలోచనలోంచే చీటీ వచ్చింది.

మా పనిలో జంతువుకు ఒక చీటీ కడతాం. చీటీ లేని జంతువు చెత్తతో సమానం. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎంత ఎత్తులో, ఏ చెట్టు మీద, చుట్టుపక్కల ఏముంది, ముందుగా చూసింది ఎవరు, అన్నీ చెరగని సిరాతో రాయాలి. ఒక్క ముక్క అబద్ధం ఉండకూడదు. ప్రొఫెసర్ గారు మొదటి రోజు మా చేత ప్రమాణం చేయించినంత పని చేశారు. ముందుగా చూసినవారి దగ్గర సాధారణంగా చదువుకున్నవాళ్ళు తమ పేరే రాసుకుంటారు. నేను రాసుకోలేదు. "దురేతి ఒగాటో" అని రాశాను. నా పేరు కంటే పెద్ద అక్షరాలతో రాశాను. దాని కింద, "గాసురే వాలు, గుర్తురాళ్ళకు పైన నాలుగు వందల అడుగులు. ఆరేళ్ళుగా అక్కడే ఆవులు మేపుతూ గమనించినది" అని రాశాను. అక్క చేసిన పనికి అక్క పేరు ఉండాలి, అచ్చులో ఉండాలి, నేను చదువుకోవడానికి ఆమె వదులుకున్నదానికి ఇదైనా దక్కాలి అనుకున్నాను. రాస్తున్నప్పుడు మనసు తేలికపడింది. ఆ పూట నేనొక మంచిపని చేస్తున్నాననే నమ్మాను.

నాలుగు నెలలకు ప్రొఫెసర్ గారి వ్యాసం అచ్చయింది. చీటీలో ఉన్నది ఉన్నట్టుగా అందులో వేశారు. రేడియోలో కూడా చెప్పారు. నేను ఆ కాగితం పట్టుకుని రెండు బస్సులు మారి, గుర్రం అద్దెకు తీసుకుని గాసురేకు వెళ్ళాను.

"ఇందులో నేనెక్కడున్నానే?" అంది అక్క.

వేలు పెట్టి చూపించాను.

"ఇంతే ఉన్నానా!" అని నవ్వింది. ఎలుక పోయాక అక్క నా ఎదుట నవ్వడం అదే మొదలు. "పక్కనున్నదేంటి?"

"నాన్న పేరు."

"నాన్న కూడా వచ్చాడా కాగితంలోకి!" అక్క ఆ రెండు మాటల్ని వేలితో నిమిరింది, తడి ఉందేమో చూసినట్టు. తరవాత ఊళ్ళోకి తీసుకెళ్ళి అందరికీ చూపించింది. ఆడవాళ్ళు ఆ కాగితాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. అబ్షిరో అవ్వ తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "పోలిక బాగానే కుదిరింది, ముక్కు ఒక్కటే కాస్త తేడా" అంది. అంతా పడీపడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ రోజు అక్క ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది, కళ్ళు మూసుకోనక్కరలేదు.

పదకొండో రోజున కాపలావాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎప్పుడూ వచ్చేవాళ్ళే. పాలు ఇస్తే వద్దన్నారు. వద్దన్నప్పుడే అక్కకు అర్థమైందట. పెద్దాయన తల దించుకుని చెప్పాడు: "అమ్మా, ఇన్నాళ్ళూ మేం చూళ్ళేదు కాబట్టి నువ్విక్కడ లేవన్నాం. ఇప్పుడు రాజధాని నించి కాగితం వచ్చింది. ఆరేళ్ళ నించీ రాళ్ళకి పైన మేపుతున్నావని అందులో ఉంది. నీ పేరుతో సహా ఉంది. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో, మేమేం చెయ్యలేం. ఆఫీసుకి రా."

కబురు తెలిసి నేను నాన్న ఇంటి నించి పరుగున వెళ్ళేసరికి అక్క గుడిసె ముందు ఇరవై మంది ఆడవాళ్ళు ఉన్నారు. అందరి చేతుల్లోనూ సింకె కర్రలు. పెళ్ళినాడు తల్లి కూతురి చేతిలో పెట్టే కర్ర అది. ఆడదానికి అన్యాయం జరిగితే ఊరి ఆడవాళ్ళంతా ఆ కర్రలు పట్టుకుని బయటికి వస్తారు. అలా వచ్చి కూర్చున్న చోట పొయ్యి వెలగదు, మగవాడు ఆ కర్రల్ని దాటడు. తప్పు చేసినవాళ్ళు వచ్చి ఆవును కోసి క్షమాపణ అడిగేదాకా లేవరు. మా నానమ్మ కాలంలో ఒక దొర చేతే అలా ఆవును కోయించారని చెబుతారు.

"లే దురేతీ, కర్ర తియ్యి," అంది అబ్షిరో అవ్వ. "ఆఫీసు వాకిట్లో కూచుందాం. వాళ్ళకి టీ నీళ్ళు కూడా కాగనియ్యొద్దు. ఎన్నాళ్ళు ఆగుతారో చూద్దాం."

"నడవండి అవ్వా," అన్నాను నేను. "నేనూ వస్తాను."

అవ్వ నావైపు తిరిగింది. కోపంగా కాదు, లెక్క తప్పకుండా చెప్పాలన్నట్టు అడిగింది. "ముందు కేక వెయ్యాలమ్మా. కేక వేసేటప్పుడు తప్పు ఎవరిదో పేరు పెట్టి పిలవాలి. పేరు లేకుండా కర్ర లేవదు. నువ్వు చదివినదానివి, చెప్పు. ఎవరి పేరు పిలవమంటావు?"

"ఆఫీసు వాళ్ళది."

"వాళ్ళు కాగితంలో ఉన్నది చదివారు. ఆ కాగితం ఎవరు రాశారు?"

ఇరవై మందిలో ఒక్కరు కూడా నావైపు చూడలేదు. అలా చూడకుండా ఉండటానికి వాళ్ళు ఎంత కష్టపడ్డారో నాకు తెలిసింది. అక్క గుడిసెలోకి వెళ్ళింది, కర్ర తెస్తుందనుకున్నాను. ఖాళీ చేతులతో వచ్చి, తలుపు దగ్గరికి లాగింది.

"ఇళ్ళకి పోండమ్మా. పాలు పొంగిపోతాయి," అంది.

"దురేతీ—"

"మా అమ్మ కడుపున పుట్టినదాని పేరు నేను పిలవను అవ్వా. నువ్వు కూడా పిలవొద్దు. పిలిచావంటే నీకూ నాకూ మాట ఉండదు."

మర్నాడు ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. ఆఫీసరు తద్దెలె మంచివాడే. మమ్మల్ని కూర్చోబెట్టాడు. బల్ల మీద ప్రొఫెసర్ గారి వ్యాసం ఉంది, అక్క పేరు కింద ఎర్రగీత. ఆయన నాతో అన్నాడు: "అమ్మాయ్, నాకు ఈవిణ్ణి పంపించాలని లేదు. నువ్వొక మాట చెబితే చాలు. చీటీలో పొరపాటు రాశానని, ఎలుకను నువ్వే చూశావని, ఈవిడ ఆవులు ఎప్పుడూ రాళ్ళ కిందే మేశాయని రాసివ్వు. కాగితానికి కాగితం. ఫైలు మూసేస్తాను."

ఏం రాయాలో నాకు తెలుసు. కలం కూడా ఆయనే ఇచ్చాడు. కానీ ముందురోజు నేను ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి, చీటీలో మాట మార్చొచ్చా అని అడిగి ఉన్నాను. ఆయన, "చీటీలో ఒక్క ముక్క అబద్ధమంటే అంతా అబద్ధమే లోమీ. ఆ ఎలుక అక్కడ దొరకలేదన్నట్టే. నీ పట్టా ఆగిపోతుంది. నా పేరు సంగతి వదిలెయ్. నువ్వే ఆలోచించుకో" అన్నారు.

అక్క జవాబు చెప్పేలోపు నాకు నోరు తెరిచే సమయం లేకపోయిందని చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. చాలా సమయం ఉంది. గోడ గడియారం చప్పుడు విన్నాను. కిటికీ అవతల ఎవరో గుర్రానికి నీళ్ళు పెట్టారు, అది తాగడం ముగించింది. నేను కలం పట్టుకునే ఉన్నాను. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు.

అక్క నా చేతిలోంచి కలం మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది.

"అయ్యా, అది నిజమే రాసింది," అంది. "నా ఆవులు పైనే మేశాయి. ఆరేళ్ళు. దానికి అబద్ధం రాయడం రాదు. మేం దాన్ని చదివించిందే అందుకు."

"అమ్మా, ఇంకోసారి ఆలోచించు. ఎక్కడికి వెళ్తావు?"

"ఆలోచించా. వేలిముద్ర ఎక్కడెయ్యాలో చెప్పండి."

వేసింది. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకుంటూ బయటికి నడిచింది. దారిలో నేను ఏడుస్తూనే ఉన్నాను. అక్క ఒకచోట ఆగి, "ఎండగా ఉంది, తల మీద బట్ట వేసుకో" అంది.

ఆవుల్ని దించడానికి ఎనిమిది రోజులు గడువిచ్చారు. మా నాన్న ఇంట్లో చోటు ఉంది. నేను అదే అన్నాను, కాళ్ళావేళ్ళా పడ్డాను. కానీ పెళ్ళయి వెళ్ళిన కూతురు తండ్రి వాకిట్లో ఆవుల్ని కట్టుకుంటే అది చోటు అడిగినట్టే. పెద్దలు కూర్చుని ఒప్పుకున్న మాట ఇప్పుడు మారదు. ఎక్కడికి వెళ్ళినా ఆ దారి గెనేమో ఇంటికే. అక్క గుడిసె తనే విప్పింది. వాసాలు గుర్రం మీద కట్టింది. తొమ్మిది ఆవులు ముందు, మేం వెనక. గాసురే వాలు దిగుతుంటే సాతో పొదల వైపు నేను చూడలేకపోయాను. అక్క కూడా చూసినట్టు లేదు. దూడ ఒకటి వెనకబడితే దాన్ని అదిలించింది.

గెనేమో ఎదురొచ్చి ఆవుల్ని తన దొడ్లోకి తోలాడు. అతని ఆవులతో కలిసిపోయాక వాటిలో ఏది అక్కదో నాకు తెలియలేదు. అంతవరకూ వదినా, వదినా అని పిలిచేవాడు. ఇప్పుడు, "దురేతీ, ఇంటికి చుట్టం వచ్చింది, చూస్తావేం?" అన్నాడు. నన్ను తోలు పరుపు మీద కూర్చోబెట్టాడు. "యూనివర్సిటీ అమ్మాయి మా ఇంట్లో కూచుంది! రేడియోలో చెప్పారు మీ సంగతి. ఇరుగూ పొరుగూ, రండి, చూడండి!" అని సంతోషంగా కేకలు పెట్టాడు. పెద్దభార్య అక్కకు పొయ్యి చూపించింది, గిన్నెలు ఎక్కడున్నాయో చెప్పింది. చిన్నభార్య పక్కకు జరిగి చోటిచ్చింది. వాళ్ళు కూడా మంచివాళ్ళే.

అక్క కాఫీ పెట్టింది. తల మీద కొంగు కప్పుకుని, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, నా ముందు వంగి ఇచ్చింది. మా కొండల్లో కాఫీలో ఉప్పే వేస్తారు, అది సరిగ్గా ఉంది. పైన వెన్న గోరంత మందాన తేలుతోంది. మా ఇళ్ళల్లో బయటినించి వచ్చిన పెద్దమనుషులకి వేస్తారు అంత వెన్న.

"తాగమ్మా, తాగు," అన్నాడు గెనేమో.

తాగాను. చాలా వేడిగా ఉంది, అయినా ఒక్క గుక్కలో తాగాను. అక్క ఖాళీ గిన్నె అందుకుంది. నా ముఖం వైపు కాకుండా నా చేతుల వైపే చూస్తూ, కొత్త ఇంట్లో కొత్త మనిషి ఎలా అడగాలో అలాగే అడిగింది.

"ఇంకొంచెం పొయ్యమంటారా?"